క్రిస్మస్ పెట్టెకు కావాల్సింది డబ్బు కాదు, కొలత

సంపాదకులు గారికి నమస్కారం.

డిసెంబరు వస్తే చాలు, క్రిస్మస్ హ్యాంపర్ల ప్రకటనలు మొదలవుతాయి. ఎత్తయిన బుట్ట, మెరిసే కాగితం, ఎర్ర రిబ్బను. విప్పి చూస్తే అడుగున సగం దాకా కాగితం పీలికలు, పైన నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు, రెండు చాక్లెట్లు, ఒక చిన్న కేకు. ఇచ్చిన సొమ్ములో పెద్ద వాటా బుట్టకూ అలంకారానికీ పోతుంది. ఇంకోపక్క, ఇంట్లోనే చేసి పంచుదామని పూనుకున్న వాళ్లు ఏటా అవే తప్పులతో సరుకు పాడుచేసుకుని, వచ్చే ఏడు కొనేద్దాంలే అనుకుంటున్నారు. దీనికి పత్రికల్లో వచ్చే వంటల శీర్షికలూ కొంత కారణమే. ‘తగినంత’ పాలు, ‘సరిపడా’ బెల్లం, ‘దోరగా’ వేయించాలి అని రాస్తే, తెలిసినవాళ్లకు అక్కర్లేదు, తెలియనివాళ్లకు అర్థం కాదు. అందుకే ఈ ఉత్తరంలో తూకాలతో సహా రాస్తున్నాం. కాస్త పొడవైనా వీలైనంత మేర ప్రచురించమని మనవి.

మన ఊళ్లలో క్రిస్మస్ పంపకం అంటే మొదటినుంచీ పళ్లెంలో పిండివంటలే. ఆ పళ్లేన్నే పెట్టెగా మార్చాలి. పది ఇళ్లకు లెక్క చెబుతాం. ఒక్కో పెట్టెలో అరిసెలు 6, గులాబీ పువ్వులు 6, బెల్లం గవ్వలు 150 గ్రాములు, జంతికలు 150 గ్రాములు, పల్లీ కారప్పొడి 100 గ్రాములు. అన్నీ కలిపి ముప్పావు కిలో. దొడ్డు బియ్యం కిలో 50, బెల్లం 70, మైదా 45, నూనె లీటరు 150 రూపాయలు అనుకుంటే పది పెట్టెలకు లెక్క ఇలా వస్తుంది: అరిసెలకు 165, గులాబీ పువ్వులకు 60, గవ్వలకు 75, జంతికలకు 120, పొడికి 150, రెండు లీటర్ల నూనెకు 300, గ్యాసుకు 130, అట్టపెట్టెలు, బటర్ పేపరు, దారం వగైరాలకు 250. మొత్తం 1250. అంటే పెట్టె 125 రూపాయలు. కిలో పైచిలుకు ప్లం కేకు ఒకటి చేసి పది ముక్కలు కోస్తే పెట్టెకు ఇంకో 27 రూపాయలు. మీ ఊళ్లో ధరలు అటూ ఇటూ అయినా, ఏ వస్తువు ఎంత తింటోందో ఇందులో తెలుస్తుంది. నూనె, పెట్టె, ఈ రెండింటికే దాదాపు సగం పోతోంది. పొదుపు చేయాలనుకుంటే బెల్లంలోనో బియ్యంలోనో కాదు, అక్కడ చేయాలి.

పెట్టె పాడయ్యేది డబ్బు తక్కువై కాదు, తేమ వల్ల. అరిసెలో సహజంగానే తడి ఉంటుంది, బెల్లం గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. జంతిక ఎండి ఉంటుంది. రెండింటినీ ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టి మూత వేస్తే అరిసెలోని తడి జంతికలోకి పోతుంది. రెండో రోజుకు జంతిక మెత్తబడుతుంది, అరిసె అంచులు గట్టిపడతాయి. తిన్నవాళ్లు జంతికలు సరిగా వేగలేదనుకుంటారు. వేగాయి, పక్కనున్నది పాడుచేసింది. కేకు ముక్కకైతే తడి ఇంకా ఎక్కువ, దాని పక్కన గులాబీ పువ్వు ఒక్క రాత్రి కూడా నిలవదు. కాబట్టి పెట్టెలోకి వెళ్లే ప్రతి రకానికీ విడి కవరు ఉండాలి. కారం వస్తువులకూ గులాబీ పువ్వులకూ మూతి బిగించిన ప్లాస్టిక్ కవరు. అరిసెలకు బటర్ పేపరు, దానిపైన కవరు. ఇంకో ముఖ్యమైన మాట: పొయ్యి మీద నుంచి దించినవి చేతికి చల్లగా తగిలినా లోపల వేడి ఉంటుంది. అరిసెలూ గవ్వలూ రాత్రంతా వెడల్పాటి పళ్లాల్లో ఆరాక గాని డబ్బాలో పెట్టకూడదు. కోస్తాలో డిసెంబరు తెల్లవారుజామున మంచు పడుతుంది, కిటికీ తీసి ఆరబెట్టొద్దు.

వేయించేవాటిలో అన్నిటికన్నా ముందు గవ్వలు చేసుకోండి. చవక, విరగవు, మూడు వారాలు నిలవ ఉంటాయి, పిల్లలకు ఇష్టం. మైదా 800 గ్రాములు (సగం గోధుమపిండి కలిపినా పరవాలేదు), రెండు చెంచాల బొంబాయి రవ్వ, చిటికెడు ఉప్పు. 80 మిల్లీలీటర్ల నూనె బాగా కాచి పిండిలో పోసి, చల్లారాక అరచేతులతో రాసినట్టు కలపాలి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి. అప్పుడు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పూరీ పిండికన్నా గట్టిగా కలిపి అరగంట మూత పెట్టాలి. చిన్న రేగిపండంత ఉండ తీసి గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకు తోస్తే చారల గవ్వ చుట్టుకుంటుంది. నడుమ మందంగా ఉండిపోతే పైన ఎర్రబడ్డా లోపల పచ్చిగా ఉండి, నాలుగో రోజుకు మెత్తబడతాయి. కాబట్టి వేలు గట్టిగానే నొక్కాలి. నూనె ఓ మోస్తరుగా కాగాక వేసి, సెగ తగ్గించి, ఒక్కో వాయికి 8 నుంచి 10 నిమిషాలు వేయించాలి. పాకానికి బెల్లం 560 గ్రాములు, అరగ్లాసు నీళ్లు. కరగగానే వడకట్టకపోతే ఇసుక పంటికి తగులుతుంది. ఇక్కడ ముదురు పాకం కావాలి: చుక్క నీళ్లలో వేసి ఉండ చేసి పళ్లానికి కొడితే ఠంగున మోగాలి. తీగ పాకంలో దించేస్తే గవ్వలన్నీ ఒకే ముద్దగా అంటుకుంటాయి. మోగిన వెంటనే దించి, గవ్వలు పోసి, విడివిడిగా రాలేదాకా కలుపుతూనే ఉండాలి.

ఇక గులాబీ పువ్వులు. పెట్టె తెరవగానే కన్ను వీటి మీదే పడుతుంది, ఎక్కువమంది చేతులెత్తేసేదీ వీటి దగ్గరే. బియ్యప్పిండి 200 గ్రాములు, మైదా 200 గ్రాములు, పంచదార పొడి 150 గ్రాములు, గుడ్డు ఒకటి, పాలు 400 మిల్లీలీటర్లు, ఒక చెంచా నువ్వులు, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. అచ్చు సైజును బట్టి 50 నుంచి 60 పువ్వులు వస్తాయి. పిండి దోసెల పిండికన్నా కాస్త పలచగా ఉండాలి, గరిటె వెనక పూతలా నిలవాలి. అరగంట నాననివ్వాలి. ఇందులో బియ్యప్పిండి కరకరలాడటానికి, మైదా పువ్వు విడిపోకుండా పట్టి ఉంచడానికి. బియ్యప్పిండి ఎక్కువైతే రేకులు చేతిలోనే పొడైపోతాయి, మైదా ఎక్కువైతే సాగుతాయి. తియ్యగా ఉంటుందని పంచదార పెంచితే పువ్వు త్వరగా నల్లబడుతుంది, అచ్చును వదలదు, చల్లారాక మెత్తబడుతుంది.

కొత్త అచ్చు తెచ్చిన రోజే పని మొదలుపెట్టొద్దు. కడిగి, రాత్రంతా గంజిలో ఉంచి, మర్నాడు తుడిచి, నూనెలో ముంచి పూటంతా వదిలేయాలి. వేయించేటప్పుడు అచ్చును కాగే నూనెలో రెండు నిమిషాలు ఉంచాలి. తీసి, అంటిన నూనెను దులిపి, పిండిలో ముప్పావు వంతు లోతుకే ముంచాలి. ముంచగానే ‘సుయ్’మని సన్నగా వినిపించాలి. వినిపించకపోతే అచ్చు చాలినంత వేడెక్కలేదు, పిండి పట్టదు. ‘చుర్రు’మని పొగలాంటిది వస్తే వేడి మించింది, పట్టిన పిండి నూనెలోకి వెళ్లేలోపే జారిపోతుంది. పైఅంచు దాటి పిండి ఎక్కితే మాత్రం అచ్చుకు మూతపడ్డట్టే, ఎంత విదిలించినా పువ్వు రాదు, చాకుతో గీకి తీయాల్సిందే. అందుకే పిండిని లోతు గిన్నెలో కాకుండా, అచ్చు అడుగు తగిలినా పైఅంచు మునగనంత వెడల్పాటి గిన్నెలో పోసుకోవాలి. పిండి పట్టిన అచ్చును నూనెలో దించి ఇరవై సెకన్లు పట్టుకుంటే రేకులు బిగుసుకుంటాయి. అప్పుడు అచ్చును కొంచెం కదిపి, వెదురు పుల్లతో అంచును తోస్తే విడివడుతుంది. బుడగలు తగ్గి, లేత బంగారు రంగు రాగానే తీసేయాలి. తీసినప్పుడు మెత్తగానే ఉంటుంది, చల్లారితే బిగుస్తుంది. ఆ మెత్తదనం చూసి ఇంకా వేగాలని ఉంచేస్తే చేదెక్కుతుంది. ప్రతిసారీ అచ్చు మళ్లీ నూనెలోకి వెళ్లి వేడెక్కాలి. నాలుగైదు పువ్వులకోసారి పిండిని అడుగునుంచి కలపాలి, బియ్యప్పిండి కిందికి దిగిపోతుంది గనక. కలపకపోతే మొదటి పువ్వులు పలచగా, చివరివి మందంగా వస్తాయి. అదే పిండి, అదే చెయ్యి అయినా అంత తేడా ఎందుకొచ్చిందో తెలియక చాలామంది చివర్లో పాలు కలిపి మొత్తం పాడుచేస్తారు.

పంచే ఇళ్లలో గుడ్డు తిననివాళ్లు ఉంటారు. వాళ్లకు ఇచ్చే వాయిని ముందే విడిగా చేయాలి. గుడ్డు బదులు రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, పాలల్లో సగం కొబ్బరిపాలు పోస్తే పువ్వు నిలుస్తుంది, కాకపోతే కాస్త పెళుసు. గుడ్డు వేసిన పిండిలో ముంచిన అచ్చును ఈ పిండిలో ముంచకూడదు కాబట్టి ముందు గుడ్డు లేనివే వేయించుకోవాలి. కేకు సంగతీ అంతే. అడగలేక తినేసేవాళ్లు, తినలేక పక్కన పెట్టేసేవాళ్లు ఇద్దరూ ఉంటారు. పెట్టె మీద ‘గుడ్డు ఉంది’, ‘గుడ్డు లేదు’ అని పెద్ద అక్షరాలతో రాయడం మర్యాద.

జంతికల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ చేయి తిరిగినవే. నాలుగు పాళ్లు బియ్యప్పిండికి ఒక పాలు శనగపిండి, అంటే 960కి 240 గ్రాములు. నువ్వులు 50 గ్రాములు, వెన్న 60 గ్రాములు, వాము, కారం, ఉప్పు. పిండి తప్పకుండా జల్లించాలి. ఉండల్లో చిక్కిన గాలి నూనెలో పేలి మొహం మీదికి చిమ్ముతుంది, అది చాలా ప్రమాదం. పిండంతా ఒకేసారి కలపొద్దు. సగం వేగేలోపు మిగతా సగం ఆరిపోతుంది, దానికి మళ్లీ నీళ్లు చిలకరించి కలిపితే జంతికలు నూనె పీలుస్తాయి.

అరిసెలకు దొడ్డు బియ్యం చాలు, ఖరీదైన సన్నబియ్యం అక్కర్లేదు. కిలోన్నర బియ్యం 24 గంటలు నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. వడకట్టి గుడ్డ మీద పావుగంట పరిస్తే చాలు. పూర్తిగా ఆరకూడదు. పిడికెడు తీసి నొక్కితే ముద్ద నిలవాలి. ఆ తడితోనే పిండి ఆడించి, సన్న జల్లెడలో జల్లించి, గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పాలి. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసెలు చేస్తే అంచులు పగులుతాయి, గట్టిపడతాయి. దానికి నీళ్లు చల్లినా ఈ గుణం రాదు.

బెల్లం కిలో నూట యాభై గ్రాములకు మించొద్దు, కిలో వందైతే సరిగ్గా సరిపోతుంది. గ్లాసుడు నీళ్లతో కరిగించి, వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు ఉంచుకోవాలి. నురగ పెద్ద బుడగలుగా మారగానే పరీక్ష మొదలుపెట్టాలి. గరిటెతో రెండు చుక్కలు నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరకు తీయండి. నీళ్లలో పారి రంగు వదిలితే ఇంకా లేత. వేళ్ల మధ్య జిగురుగా సాగి, ఉండ కాకుండా జారితే ఇంకో రెండు నిమిషాలు. దగ్గరకొచ్చి ఉండగా నిలబడి, నొక్కితే అణిగి, వదిలితే అలాగే ఉంటే, అదీ పాకం. నొక్కితే అణగకుండా పుటుక్కుమంటే ముదిరింది. అప్పుడు కూడా చేయి దాటిపోలేదు: మూడు చెంచాల వేడినీళ్లు పోసి మళ్లీ ఒక పొంగు రానిచ్చి పరీక్షించాలి. అయితే ఇదంతా పిండి వేయకముందే. పిండి కలిపాక ముదురు పాకాన్ని బాగుచేసే దారి లేదు. ఈ పని ఒక్కరు చేసేది కాదు, ఒకరు పిండి వేస్తుంటే ఒకరు కలుపుతూ ఉండాలి. దించి, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి, పిండిని గుప్పెళ్లతో వేస్తూ చలిమిడిగా కలపాలి. పిండి రెండు గుప్పెళ్లు పక్కనే ఉంచుకోవాలి. అన్ని బియ్యాలూ ఒకేలా పాకం పీల్చవు.

ముందు ఒక్క అరిసె వేయించి చూడాలి. నూనెలో వేయగానే విచ్చిపోతే పాకం లేత, దాచిన పిండిలోంచి కొంచెం కలపాలి. అది సరిపోయాకే మిగతావి. వేయించిన ప్రతి అరిసెనూ చెక్కల మధ్య గట్టిగా నొక్కి నూనె తీయాలి. ఆ నొక్కుడులో బద్ధకిస్తే వారంలోపే ముక్కిన వాసన వస్తుంది. నొక్కిన నూనెను మళ్లీ మూకుట్లో పోయొద్దు, అందులోని నువ్వులూ బెల్లపు తునకలూ మాడి తర్వాతి వాయిని నల్లబరుస్తాయి.

నూనె వరసకూ లెక్క ఉంది. ఒక లీటరులో గవ్వలు, తర్వాత గులాబీ పువ్వులు. ఇంకో లీటరు తాజాగా పోసి జంతికలు, ఆఖరున అరిసెలు. అరిసెల తర్వాత మిగిలిన నూనె నిలవ ఉండే వంటలకు పనికిరాదు. నాలుగూ ఒకే నూనెలో చేసి వంద రూపాయలు మిగిలాయనుకుంటే, పండుగనాటికి పెట్టె తెరవగానే ఆ వాసనే ముందొస్తుంది.

ప్లం కేకు దగ్గర ఖరీదైన పదార్థాల భయం అక్కర్లేదు. కేరళలోని తలశ్శేరిలో 1883లో మాంబళ్లి బాపు చేసిందే మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు అంటారు. పరదేశపు బ్రాందీ బదులు ఊళ్లో జీడిమామిడి పళ్లతో కాచిన సరుకు వాడారని కూడా అక్కడ చెప్పుకుంటారు. మనమూ మన దగ్గర దొరికేవాటితో చేయొచ్చు. మద్యం వద్దనుకునే ఇళ్లు మన దగ్గర ఎక్కువ. వాళ్లు చేసే పెద్ద పొరపాటు ఎండుద్రాక్షను పళ్లరసంలో పోసి నెల రోజులు అలమరాలో ఉంచడం. మద్యంలోనైతే చెడదు, రసంలో పులుస్తుంది, మూత తీస్తే బుస్సుమంటుంది. రసంతో చేస్తే ముందు రోజు చాలు: 100 గ్రాముల ఎండుద్రాక్షను 100 మిల్లీలీటర్ల కమలాపండ్ల రసంలో ఐదు నిమిషాలు సన్నసెగ మీద ఉడికించి, చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి.

టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయే. అరకిలో ముక్కలు, శనగగింజంత సైజువి, ఐదు నిమిషాలు ఉడికించి వార్చి, 250 గ్రాముల పంచదార, అన్నే నీళ్లతో చేసిన పాకంలో వేసి, ముక్కలు అద్దంలా మెరిసి, పాకం తీగ వచ్చేదాకా ఉంచాలి. రంగు కావాలంటే గిన్నెలుగా విడదీసి చుక్క చుక్క వేయాలి. రాత్రంతా పాకంలోనే ఉంచి, మర్నాడు వడకట్టి, గుడ్డ మీద ఒక రోజు ఫ్యాను కింద ఆరబెట్టాలి. దోరబొప్పాయి వాడితే ముక్కలు ముద్దవుతాయి, పూర్తిగా పచ్చిదే కావాలి. మిగిలిన పాకం పారబోయక్కర్లేదు, కేకు కారమెల్‌కు వాడేసుకోవచ్చు.

కేకుకు మైదా 200 గ్రాములు, వెన్న 150, పంచదార పొడి 150, గుడ్లు 3, బేకింగ్ పౌడరు ఒక టీ చెంచా నిండా, ఎండుద్రాక్ష 100, టూటీ ఫ్రూటీ 150, జీడిపప్పు 50. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి కలిపిన పొడి ఒక టీ చెంచా. నలుపు రంగు కారమెల్‌తో వస్తుంది: 100 గ్రాముల పంచదార మందపాటి గిన్నెలో కరిగి కాఫీ డికాక్షన్ రంగు రాగానే, గిన్నెను దించి, మొహం దూరంగా పెట్టుకుని 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోయాలి. చన్నీళ్లు పోస్తే పేలినట్టు ఎగురుతుంది, అడుగున రాయిలా గడ్డకడుతుంది. తేనె రంగులోనే దించేస్తే కేకు పాలిపోతుంది, నల్లగా పొగొచ్చేదాకా ఉంచితే చేదు. కారమెల్ పూర్తిగా చల్లారాకే పిండిలో కలపాలి, లేకపోతే వెన్న కరిగి పిండి పలచబడి పళ్లన్నీ అడుగుకు చేరతాయి. పళ్లను వడకట్టి, చెంచా మైదాలో దొర్లించి చివర్లో కలపడం కూడా ఇందుకే.

ఓవెన్ లేనివాళ్లు ఐదు లీటర్ల పాత కుక్కర్లో చేయొచ్చు. రబ్బరూ విజిలూ తీసేయాలి. ఇది మరిచిపోతే ప్రమాదం. అడుగున కిలో రాళ్ల ఉప్పు, దానిమీద స్టాండు, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, బటర్ పేపరు పరిచిన ఏడంగుళాల గిన్నెను లోపల పెట్టి, ఐదు నిమిషాలు ఓ మోస్తరు సెగ, తర్వాత సన్న సెగ మీద 65 నుంచి 75 నిమిషాలు. మొదటి ముప్పావుగంట మూత తీయొద్దు, తీస్తే నడుమ కుంగిపోతుంది. పైన గుట్టలా లేచి పగిలితే సెగ ఎక్కువైందని. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. వేడి కేకుకు కవరు చుడితే ఆవిరి లోపలే నీరై మూడో రోజుకు బూజు. మర్నాడు కోసి ఒక్కో ముక్కను విడిగా బటర్ పేపర్లో చుట్టాలి. మద్యం లేని ఈ కేకు బయట నాలుగు రోజులే బాగుంటుంది, ఆ మాట ముక్క మీద రాసివ్వాలి.

ఈ వంటలన్నీ తియ్యగా, నూనెగా ఉన్నాయి, చక్కెర జబ్బున్న పెద్దవాళ్లకు ఎలా అని అడుగుతారు. వాళ్ల పెట్టెలో అరిసెలూ గవ్వలూ గులాబీ పువ్వులూ కేకూ తీసేసి జంతికలు కొన్ని, పల్లీ పొడికి తోడు కరివేపాకు కారం, నువ్వుల పొడి చిన్న సీసాల్లో పెట్టండి. పొడులకు వెల్లుల్లి వేస్తే రుచే గానీ నిలవ తగ్గుతుంది, పంచేవాటిలో వేయకపోవడం మంచిది. డిసెంబరులో ఉసిరికాయలు చవక, పావుకిలో సీసా ఉసిరి ఆవకాయ ఇస్తే నెలల తరబడి గుర్తుంటుంది. సీసాను కడిగి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి, నూనె ముక్కల మీద వేలి మందాన తేలాలి.

పత్రికకే రాస్తున్న ఉత్తరంలో ఈ మాట చెప్పక తప్పదు: వార్తాపత్రికలో తినే వస్తువులు చుట్టొద్దు, వేయించినవాటి నూనె అద్దొద్దు. వేడికీ నూనెకూ అచ్చు సిరా వస్తువుకు అంటుతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనలు దీన్ని నిషేధించాయి. తెల్ల గుడ్డ గానీ, కిచెన్ టిష్యూ గానీ వాడాలి. కవర్లకు స్టేప్లర్ పిన్నులు కూడా వద్దు, విప్పేటప్పుడు పిన్ను ఊడి పిల్లల నోట్లోకి వెళ్తుంది. దారం కట్టండి. పెట్టెకు బదులు చిన్న స్టీలు డబ్బా, వెదురు బుట్ట, తాటాకు బుట్ట, ఏదైనా అందుకున్నవాళ్లకు ఏడాది పొడుగునా పనికొస్తుంది. మిగిలిన నూలు గుడ్డ ముక్కకు అల్లిక లేసు అంచు కుట్టి బుట్ట మీద కప్పితే రిబ్బను అవసరమే ఉండదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నర్సాపురం లేసు మన చేతి పనే గదా.

హాస్టల్లో ఉన్న పిల్లలకో, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లకో పార్శిల్ పంపేటప్పుడు గులాబీ పువ్వులు పెట్టకండి, పొడే చేరుతుంది. గవ్వలు, జంతికలు, అరిసెలు, పొడి చాలు. ఖాళీల్లో కాగితం కుక్కే బదులు కవర్లో కట్టిన మరమరాలు సర్దితే కుదుపులు ఆపుతాయి, అందినవాళ్లు తాలింపు వేసుకుని తినేస్తారు.

తినేవే కాక ఇంకో కానుక, క్రిస్మస్ నక్షత్రం. రెండడుగుల వెదురు పుల్లలు పది. ఐదేసి పుల్లలతో రెండు నక్షత్రాలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలనూ దారంతో బిగించి, లోపలి ఐదు కూడళ్ల దగ్గర ఐదంగుళాల పుల్లలు అడ్డుగా దూర్చితే బొద్దుగా విచ్చుకుంటుంది. పైన గాలిపటం కాగితం అంటించాలి. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, పాత పసుపు బల్బు వేడికి కాగితం అంటుకుంటుంది. పుల్లలన్నీ ఒకే పొడవు లేకపోతే నక్షత్రం ఒక పక్కకు ఒరుగుతుంది, కట్టకముందే కొలిచి కోసుకోవాలి.

పని ఒకేరోజు పెట్టుకుంటే అన్నీ చెడతాయి. 16న పొడులు, టూటీ ఫ్రూటీ. 18న గవ్వలు. 19న గులాబీ పువ్వులు, అవి మూత బిగిసిన డబ్బాలో రెండు వారాలు నిలుస్తాయి. 20న జంతికలు. 20 సాయంత్రం బియ్యం నానబోస్తే 21 సాయంత్రం అరిసెలు. ఎండుద్రాక్ష 21 రాత్రి, కేకు 22న. 23న కోసి, సర్ది, రాసి, కట్టాలి. 24 పొద్దున్నే పంపకం. సెమీ క్రిస్మస్‌కు (పండుగకు ముందే జరిపే వేడుకకు) పంచేవాళ్లు తేదీలు ముందుకు జరుపుకోవాలి గానీ, పనుల మధ్య ఎడం తగ్గించొద్దు. అమ్మకానికి చేసేవాళ్లయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకుని, తయారైన తేదీ, దినుసులు పెట్టె మీద వేయాలి.

మీ ఆదివారం అనుబంధంలో డిసెంబరు నెలలో వచ్చే వంటలకు గ్రాముల్లో కొలతలు, పాకం ఏ దశలో దించాలో, తప్పితే ఎలా సరిదిద్దుకోవాలో కూడా ప్రచురించమని కోరుతున్నాం. వంటకు ఒక ఫొటో తగ్గించినా చోటు సరిపోతుంది. డిసెంబరు మొదటి వారంలోనే వేస్తే బియ్యం నానబోసే రోజుకు చదివినవాళ్లకు అందుతుంది.

ఇట్లు,
పండుగ పిండివంటలు చేసే కొందరు గృహిణులు,
తెనాలి